గాలి పడని ఊరు

2022 డిసెంబరు రెండో వారంలో ఒక తెల్లవారుజామున, మూడున్నర ప్రాంతంలో, నేను మంచం అంచున కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళకు ఆనించి, ముందుకు వంగి గాలి కోసం పెనుగులాడుతుంటే, మా వారు ఆటో కోసం చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తారు. పీల్చిన గాలి లోపలికి పోతున్నట్టే ఉంది గాని బయటికి రావడం లేదు. ప్రతి ఊపిరి చివరా సన్నని పిల్లికూత. ఆసుపత్రిలో నెబ్యులైజర్ మాస్కు మూతికి పెట్టిన ఇరవై నిమిషాలకు నేను మొదటిసారి ఒక పూర్తి వాక్యం మాట్లాడగలిగాను. మూడు రోజులు అక్కడే ఉన్నాను. అప్పటికి నాకు 42 ఏళ్ళు, బెంగళూరు వచ్చి 13 ఏళ్ళు.

ఆ మూడు రోజుల ముందు ఏడాదిన్నరగా దగ్గు ఉంది. ఇంటి దగ్గరి క్లినిక్కులో దాన్ని ఎలర్జీ దగ్గు అన్నారు, సిరప్పులు రాశారు, నాలుగుసార్లు యాంటీబయాటిక్ కోర్సులు వాడించారు. ఒక్కసారైనా గొట్టంలోకి ఊదించి చూడలేదు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఊపిరితిత్తుల డాక్టరమ్మ దగ్గర స్పైరోమెట్రీ చేయిస్తే, మొదటి సెకనులో నేను బయటికి ఊదిన గాలి 1.52 లీటర్లు; మందు పీల్చి పావుగంట ఆగి మళ్ళీ ఊదితే 1.86 లీటర్లు. ఆ తేడా 12 శాతమూ 200 మిల్లీలీటర్లూ దాటితే ఉబ్బసాన్ని బలంగా సూచిస్తుందని, నాది రెండు కొలతల్లోనూ దాటిందని ఆమె కన్నడ కలిసిన తెలుగులో నిదానంగా చెప్పారు. పొద్దున రెండు, రాత్రి రెండు పీల్పులు వాడమని ఇన్‌హేలర్ రాశారు. నేను తీసుకెళ్ళి అలమారలో పెట్టాను. స్టెరాయిడ్ అన్న మాట విన్నాక, పంపు ఒకసారి అలవాటైతే జన్మంతా మానలేమని పదిమంది దగ్గర విన్నాక, ఆయాసం వచ్చినప్పుడు పీల్చే నీలం పంపు చాలునని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. ఆసుపత్రిలో ఇచ్చిన ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు రోజుకు 40 మిల్లీగ్రాములు, అంటే 40,000 మైక్రోగ్రాములు. నేను భయపడిన ఇన్‌హేలర్‌లో ఒక పీల్పుకు స్టెరాయిడ్ 200 మైక్రోగ్రాములు. లెక్కలు రాయడమే వృత్తిగా బతికే నేను ఈ చిన్న లెక్క వేసుకోవడానికి ఆరు నెలలు పట్టింది.

అమ్మ ఆసుపత్రికి వచ్చిన రోజే తన నిర్ణయం చెప్పేసింది. "ఈ ఊరి గాలి నీకు పడలేదు పాపా. మన ఊరికి వచ్చేయండి." మా అనంతపురం వైపు కొత్త ఊళ్ళో కడుపు చెడితే నీళ్ళు పడలేదంటారు, రొమ్ము పట్టేస్తే గాలి పడలేదంటారు. దానికి మా ఇంట్లో తిరుగులేని సాక్ష్యం ఒకటుంది. మా జేజినాయనకు 1950ల మొదట్లో క్షయ వస్తే మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానిటోరియంలో ఏడాది పైన ఉండి, బరువు పెరిగి తిరిగి వచ్చి, ఆ తరువాత ముప్పై ఏళ్ళకు పైగా సేద్యం చేశారు. ఆ కొండగాలే తనను బతికించిందని ఆయన చెప్పని పండగ లేదు. 1915లో మొదలైన ఆ శానిటోరియంను ఆ చోట కట్టడానికి కారణం కూడా గాలే: సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తు, పొడి నేల, తీరం మీది ఉక్క లేని వాతావరణం. మందులు లేని కాలంలో క్షయకు వైద్యమంటే విశ్రాంతి, తిండి, గాలి, అంతే. కాబట్టి గాలిమార్పు అనేది మా అమ్మకు వట్టి నమ్మకం కాదు, కళ్ళతో చూసిన చరిత్ర.

2023 జనవరి మధ్యలో ఇంటి నుంచే పని చేసే ఏర్పాటు చేసుకుని ఐదు వారాలు అనంతపురంలో ఉన్నాను. డాక్టరమ్మ ఇచ్చిన పీక్ ఫ్లో మీటర్‌ను వెంట తీసుకెళ్ళాను. ఒక్క ఊపున ఎంత జోరుగా గాలి ఊదగలమో చూపే అరచెయ్యంత ప్లాస్టిక్ గొట్టం, దాని మీద అంకెలు, ఊదితే జరిగే చిన్న ఎర్ర ముల్లు; అంకె ఎంత పెరిగితే ఊపిరి అంత బాగున్నట్టు. నిలబడి మూడుసార్లు ఊది, ఎక్కువ వచ్చిన అంకెను పుస్తకంలో రాయాలి. బయలుదేరిన రోజు పొద్దున నా అంకె 240. వారం తిరిగేసరికి 300, మూడో వారానికి 350, వచ్చేసే ముందు రోజు 385. మేడ మీద నులకమంచం వేసుకుని, దుప్పటి ముసుగు పెట్టి, రాత్రంతా దగ్గకుండా నిద్రపోయిన ఆ నెల నా జీవితంలోని మంచి నెలల్లో ఒకటి. కోలుకోవడం అంటే ఏమిటో నాకు తెలిసింది అంకెల్లో కాదు; ఒకరోజు మెట్లెక్కి పైకి వెళ్ళి, మంచం దులిపి, పక్క వేసి, అప్పుడు గాని ఎక్కడా ఆగలేదని గుర్తించలేదు.

ఇక సందేహమేముంది? ఫిబ్రవరి చివర బెంగళూరు తిరిగి వచ్చాను, ఏప్రిల్ దాకా బాగానే ఉన్నాను, జూన్ వానలు మొదలయ్యేసరికి అంకె మళ్ళీ 250కి దిగింది, రాత్రి రెండింటికి దగ్గు లేపడం మొదలుపెట్టింది. ఇంట్లో అందరం కూర్చుని ఊరు మారాలని నిర్ణయించుకున్నాం. అనంతపురంలో రామ్‌నగర్ వైపు ఒక ఇంటికి పదివేలు అడ్వాన్సు ఇచ్చాం, అమ్మాయి తొమ్మిదో తరగతికి బడి వెతికాం. మా వారు వారానికి ఒకసారి 210 కిలోమీటర్లు వచ్చిపోయేటట్టు అనుకున్నాం. ఆయన పైకి ఒప్పుకున్నారు గాని, రాత్రి పూట బస్సు టైములు చూస్తూ కూర్చునేవారు. సలహాలకు కొదవ లేదు. మా అత్తగారు మృగశిర కార్తెకు హైదరాబాదు వెళ్ళి చేప మందు వేయించుకుందామన్నారు, కోవిడ్ తరువాత ఆ ఏడే మళ్ళీ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో మొదలైందట, చేప తినని వాళ్ళకు బెల్లంలో పెట్టి ఇస్తారట. ఆయాసంతో అంత వరుసలో నిలబడే ఓపికే ఉంటే మందెందుకని నేను వెళ్ళలేదు.

ఇల్లు ఖాళీ చేస్తామని చెప్పే ముందు డాక్టరమ్మకు ఒక మాట చెబుదామని పుస్తకం పట్టుకుని వెళ్ళాను. ఆమె అంకెల వరుస చూసి, మార్పు మంచిదే అంటారనుకున్నాను. ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "అనంతపురంలో మందు ఎవరు ఇచ్చేవారు?" అని. అమ్మ. పొద్దున కాఫీతో పాటు ఒకసారి, రాత్రి తొమ్మిదికి ఒకసారి, ఆ అలమారలోని ఇన్‌హేలర్‌ను అమ్మే వెతికి సంచిలో పెట్టి, పక్కన నిలబడి పీల్పించి, నోరు పుక్కిలించేదాకా కదిలేది కాదు. డాక్టరు రాసిన మందు తినకపోవడం అమ్మ దృష్టిలో డబ్బు దండగ. మరి బెంగళూరు వచ్చాక? బాగున్నాను కదా అని ఏప్రిల్‌లో మానేశాను. ఆమె పెన్సిలుతో నా పుస్తకంలో రెండు చోట్ల గీత గీశారు, మందు మొదలైన రోజు దగ్గర ఒకటి, మానిన రోజు దగ్గర ఒకటి. ఊరు మారిన తేదీలూ ఆ గీతల దరిదాపుల్లోనే ఉన్నాయి, కాబట్టి ఏది దేని ఫలితమో ఆ పుస్తకం చెప్పలేదు. నేను ఒక నెల రోజుల్లో ఊరు, మందు, మంచం, గది, పని వేళలు అన్నీ మార్చేసి, ఫలితమంతా గాలి ఖాతాలో జమ వేశాను. ఆడిట్‌లో ఇలాంటి పద్దు ఎవరైనా తెస్తే నేను వెనక్కి పంపేదాన్ని.

ఆ తరువాత చర్మ పరీక్ష చేశారు. వారం ముందు నుంచి జలుబు మాత్రలు మానిపించి, ముంజేతి మీద పెన్నుతో అంకెలు వేసి, ఒక్కో అంకె పక్కన ఒక్కో చుక్క వేసి సూదితో గిచ్చి, పావుగంట తరువాత పొంగిన దద్దుర్లను స్కేలుతో కొలిచారు. బొద్దింకకు 4 మిల్లీమీటర్లు, వయ్యారిభామ పుప్పొడికి 5, ఇంటి దుమ్ములో ఉండే పురుగులకు 8. ఆ పురుగులు కంటికి కనిపించవు. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తింటాయి, నీళ్ళు తాగవు, గాలిలోని చెమ్మనే పీల్చుకుని బతుకుతాయి, గాలిలో తేమ సగానికి తగ్గిన చోట ఎక్కువ కాలం నిలవలేవు. వాటికి అన్నిటికన్నా ఇష్టమైన నివాసం పాత పరుపు. నేను పడుకునేది పెళ్ళప్పుడు అమ్మ అనంతపురంలో కుట్టించి లారీలో పంపిన బూరుగుదూది పరుపు మీద.

ఇంటికి వచ్చి పడకగదిలో బీరువాను ఇద్దరం పట్టి జరిపాం. మాది కింది అంతస్తు, ఆ గోడకు అవతల పక్కింటివాళ్ళ నీళ్ళ సంపు. 2022 సెప్టెంబరులో బెంగళూరు మునిగినప్పుడు మా గుమ్మం దాకా నీళ్ళు వచ్చి పోయాయి, నేల ఆరింది గాని గోడ ఆరలేదు. బీరువా వెనక నడుమెత్తు దాకా సున్నం పొరలుగా ఊడి, దాని మీద నల్లటి బూజు పాకి ఉంది. వేలితో తాకితే మసిలా అంటుకుంది, తడి గోనెసంచి వాసన వచ్చింది. నా తలగడకూ ఆ గోడకూ మధ్య రెండడుగులు.

అయినా ఊరి మాట పూర్తిగా కొట్టిపారేయడం న్యాయం కాదనిపించింది, అడ్వాన్సు ఇచ్చిన ఇల్లు కూడా ఇంకా చేతిలోనే ఉంది. అందుకని ఈసారి మందు ఒక్కపూట కూడా తప్పకుండా, జులై ఆగస్టులు బెంగళూరు పాత ఇంట్లోనూ, సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు చివరి దాకా అనంతపురంలోనూ ఉండి చూశాను. బెంగళూరులో అదే నెమ్ముగోడ పక్కన, అదే పరుపు మీద (పారేయమని డాక్టరమ్మ చెప్పినా అమ్మ ఇచ్చిందని చేతులు రాలేదు), పొద్దుటి అంకె 330, 345 మధ్య ఆడింది. మందు పనితనం అక్కడే తెలిసిపోయింది. అనంతపురంలో మొదటి రెండు వారాలు 370. ఆ తరువాత వానలు పడ్డాయి. జైసల్మేర్ తరువాత దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లా మాదేనని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగాం. అలాంటి చోట నాలుగు చినుకులు పడితే ముందు మొలిచేది పంట కాదు, వయ్యారిభామ. మా ఇంటి పక్క ఖాళీ స్థలమంతా నడుమెత్తు పెరిగి, చిట్టి తెల్లపూలతో ముగ్గు చల్లినట్టు విచ్చుకుంది. 1950ల నడిమిలో పుణెలో మొదట కంటపడి దేశమంతా అల్లుకున్న ఆ కలుపుమొక్కకు అంత చక్కని పేరు పెట్టిన వాళ్ళెవరో గాని, దానితో కాపురం చేసి ఉండరు. నా అంకె 310కి దిగింది. శెనక్కాయ పీకిన చేను చూద్దామని చిన్నాన్నతో వెళ్ళిన సాయంత్రం, కళ్ళంలో లేచిన దుమ్ముకు 285. జనవరిలో ఆకాశమంత నిర్మలంగా అనిపించిన ఊరు అదే.

ఆ రోజుల్లోనే అమ్మ ట్రంకుపెట్టెలో జేజినాయన కాగితాలు చూశాను. ఆరోగ్యవరం నుంచి వచ్చేటప్పుడు ఇచ్చిన మడతలు పడిన చీటీలో బరువు వివరాలతో పాటు క్షయ మందు స్ట్రెప్టోమైసిన్ సూదుల లెక్క ఉంది. ముప్పై ఏళ్ళు ఆయన కొండగాలిని తలుచుకున్నారు, సూదుల మాట ఒక్కసారైనా ఎత్తగా మేమెవరం వినలేదు. 1956లో మద్రాసులో నెలకొల్పిన క్షయ చికిత్సా కేంద్రం సరిగ్గా ఈ చిక్కునే విప్పింది. ఒకే మందులను సగంమందికి శానిటోరియంలోనూ, సగంమందికి ఇరుకు ఇళ్ళలోనే ఉంచీ ఇచ్చి చూస్తే, ఇంట్లో ఉన్నవాళ్ళు కూడా దాదాపు అంత బాగానూ కోలుకున్నారని 1959లో వెల్లడించింది. ఆ తరువాత ప్రపంచమంతటా శానిటోరియంలు ఒక్కొక్కటిగా మూతపడుతూ వచ్చాయి. ఆ చీటీ చూపిస్తే అమ్మ ఒప్పుకోలేదు. "సూదులు ఆడ గాలి ఉన్నందుకే పనిచేసినాయి" అంది. దాన్ని కాదనడానికి నా దగ్గర పుస్తకం లేదు.

మేము ఊరు మారలేదు, ఇల్లు మారాం. నవంబరు మొదట్లో నాలుగు కిలోమీటర్ల అవతల మూడో అంతస్తులో, తూర్పు కిటికీ ఉన్న ఇంటికి చేరాం. అద్దె నెలకు ఆరువేలు ఎక్కువ, అనంతపురం అడ్వాన్సు తిరిగి రాలేదు. బూరుగుదూది పరుపును పాత ఇంట్లోనే వదిలేసి, కొత్త పరుపుకు జిప్పు ఉన్న తొడుగు వేయించాం, దుప్పట్లు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్ళలో ఉతుకుతున్నాం. ఇప్పుడు నా అంకె చాలావరకు 365, 380 మధ్య ఉంటోంది. వాతావరణానికి అసలు వాటా లేదని మాత్రం నేను అనను. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో, మంచు పట్టి బండ్ల పొగ నేలను అంటుకుని ఉన్న వేళ, కొత్త ఇంట్లో కూడా అంకె 340కి దిగుతుంది. ఆ రెండు నెలలు ఎనిమిది దాటాకే నడకకు వెళతాను, ముక్కుకు స్కార్ఫు కట్టుకుంటాను. 30, 40 అంకెల తేడా కోసం ఇద్దరి ఉద్యోగాలూ, అమ్మాయి చదువూ కదిలించాలా అన్నదే చివరికి మిగిలిన ప్రశ్న, దానికి మేము వద్దనుకున్నాం. నీలం పంపు తప్ప మందే తీసుకోని ఆ మొదటి నెలల్లో మా ముందున్నది 150 అంకెల తేడా. ఆ భయంలో తీసుకున్న నిర్ణయం ఇది కాదు. పొగమంచు ఊళ్ళలో, ఫ్యాక్టరీల పక్కన ఉండేవాళ్ళ లెక్క వేరుగా తేలవచ్చు, వాళ్ళ పుస్తకం వాళ్ళే రాసుకోవాలి.

ఆ డిసెంబరులో అమ్మ కొత్త ఇల్లు చూడటానికి వచ్చి మూడు వారాలు ఉంది. పొద్దున్నే కిటికీలు తెరిస్తే మోకాళ్ళు పట్టేస్తున్నాయని, ఈ ఊరి చలి తనకు పడలేదని, నన్ను అక్కడికి రమ్మన్నది ఒక్క నా ఆయాసం కోసమే కాదని, వంటింట్లో నాకు వీపు తిప్పి చెప్పింది. నేను నెలకోసారి అనంతపురం వెళ్ళివస్తున్నాను, వయ్యారిభామ పూసే రోజుల్లో మాస్కు పెట్టుకుని. మిగతా రోజుల్లో రాత్రి తొమ్మిదికి అమ్మ ఫోను వస్తుంది. పూర్వం "తిన్నావా?" అని మొదలయ్యేది, ఇప్పుడు "మందు పీల్చినావా?" అని మొదలవుతుంది, నోరు పుక్కిలించిన చప్పుడు వినిపించేదాకా పెట్టదు.