అసాయే ఏనుగు, స్కాట్లాండ్ మెస్ కోటు

స్టిర్లింగ్ కోటకు వచ్చినవాళ్లలో చాలామంది రాజభవనం చూసి, నాలుగు ఫోటోలు తీసుకుని దిగిపోతారు. నేను వెళ్లింది మాత్రం ఆ కోటలోనే కింగ్స్ ఓల్డ్ బిల్డింగ్‌లో ఉన్న ఆర్గైల్ అండ్ సదర్లాండ్ హైలాండర్స్ అనే స్కాటిష్ పటాలం మ్యూజియం కోసం. ఎడిన్‌బరాలో రైలెక్కితే గంటలోపే స్టిర్లింగ్ వచ్చేస్తుంది. స్టేషన్ నుంచి కోట దాకా మాత్రం అంతా ఎక్కుడే.

మా అక్కను తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఇచ్చాం. అదే, అందరూ మిలిటరీ మాధవరం అనే ఊరు. బావగారు మద్రాస్ రెజిమెంట్‌లో హవల్దారుగా రిటైరయ్యారు. ఇంటికెళ్తే రెజిమెంట్ కబుర్లే. బ్యాడ్జి ఎక్కడ పెట్టాలి, మెడల్ ఏ వరుసలో ఉండాలి అన్న విషయాల్లో ఆయన పట్టింపు చూస్తూ పెరిగినవాణ్ణి కాబట్టి, ఇలాంటి మ్యూజియం కనబడితే వదలను.

అక్కడి అద్దాల వెనక మెస్ కోటును చాలాసేపు చూశాను. ఎర్రటి ఎరుపు. నడుము దగ్గరే ఆగిపోయే పొట్టి కోటు. ముందు వైపు గుండీలు పెట్టరు, లోపలి వెయిస్ట్‌కోటు కనబడేలా తెరిచే ఉంచుతారు. పరేడ్‌లో వేసుకునే యూనిఫాం వేరు, రాత్రి మెస్‌లో విందుకు వేసుకునేది వేరు. దీని మీద పెద్ద మెడల్స్ పెట్టకూడదు. వాటికే చిన్న నమూనాలు చేయించి ఎడమ వైపు వరుసగా పెట్టుకోవాలి. కత్తి, టోపీ మెస్ బయటే. కిల్ట్ (మోకాళ్ల దాకా వచ్చే గళ్ల కుచ్చిళ్ల బట్ట) వేసుకున్నవాళ్ల మేజోడులో చిన్న బాకు ఒకటి దోపుకుని ఉంటుంది, దాని పిడి మాత్రమే పైకి కనబడాలి.

ముందు కట్టుకునే సంచిని స్పోరన్ అంటారు. ఆర్గైల్స్‌లో ఆఫీసర్లకు, సార్జంట్లకు ఆ స్పోరన్ మీద బ్యాడ్జర్ అనే జంతువు నిజమైన తల ఉంటుంది. మామూలు సిపాయిలకు ఉండదు. ఎర్రటి పట్టీ కూడా అంతే. స్కాటిష్ పటాలాల్లో ఆఫీసర్ దాన్ని ఎడమ భుజం మీదుగా వేసుకుంటాడు, సార్జంటు కుడి భుజం మీదుగా. దూరం నుంచి చూసినా ఎవరెవరో తెలిసిపోతుంది.

ఆ పక్కనే ఉన్న బ్యాడ్జి అరచేతి నిండా వచ్చేంత పెద్దది. ఒక దండలో అడవిపంది తల, ఇంకో దండలో అడవిపిల్లి. 91వ, 93వ పటాలాలను 1881లో కలిపి ఆర్గైల్స్ చేసినప్పుడు విక్టోరియా రాణి కూతురు లూయీజ్ దీనికి నమూనా గీసింది. రెండింటిలో ఏదీ మరుగున పడకుండా రెండు జంతువులనూ ఉంచింది. ఇది నాకు చాలా నచ్చింది. కలిపేటప్పుడు ఎవరి గుర్తునూ చెరపకపోవడం పెద్ద మర్యాద.

మ్యూజియంలో పనిచేసే ఒకాయన ఒకప్పుడు ఇదే పటాలంలో సార్జంటు. నేను కోటు ముందు నుంచి కదలకపోవడం చూసి తనే వచ్చి పలకరించాడు. మెస్ రాత్రి ఎలా జరుగుతుందో వరసగా చెప్పుకొచ్చాడు. భోజనం అయ్యాక పోర్ట్ వైన్ సీసా ఎడమ చేతి వైపుకే తిరగాలి. రాజుగారి పేరు మీద గ్లాసు ఎత్తేదాకా ఎవరూ బల్ల దగ్గర నుంచి లేవకూడదు. ఆ తర్వాత బ్యాగ్‌పైపర్లు వాయిస్తూ బల్ల చుట్టూ తిరుగుతారు. అది అయ్యాక వాళ్ల నాయకుడైన పైప్ మేజర్‌కు క్వేఖ్ అనే రెండు పిడుల గిన్నెలో విస్కీ ఇస్తారు. ఆయన విందు అధ్యక్షుడి పక్కన నిలబడి గేలిక్ భాషలో దీవించి, అక్కడే తాగేస్తాడు. "ఆ నిమిషంలో కర్నల్ కంటే పైప్ మేజరే పెద్ద" అన్నాడాయన, మహా గర్వంగా.

అదే గదిలో నన్ను ఇబ్బంది పెట్టినదీ ఉంది. 93వ పటాలం 1854లో క్రిమియాలోని బాలక్లావాలో రష్యన్ గుర్రపు దళాన్ని ఆపింది. వాళ్ల గ్లెన్‌గ్యారీ టోపీ చుట్టూ ఉండే ఎరుపు, తెలుపు గళ్లు ఆ రోజుకు గుర్తని చెబుతారు. మూడేళ్లకే, 1857 నవంబరు 16న, అదే పటాలం లక్నో సికందర్ బాగ్‌లోకి చొరబడింది. అక్కడ చనిపోయిన మన సిపాయిలు దాదాపు 2,000 మంది. ఆ ఒక్క రోజు పోరుకు ఆ పటాలం వాళ్లకు విక్టోరియా క్రాసులు, అంటే బ్రిటన్‌లో అన్నిటికంటే పెద్ద సాహస పతకాలు, వచ్చాయి. మెడల్ మీద మెరుపు చూస్తున్నప్పుడు దాని వెనక ఎవరు పడిపోయారో కూడా చూడాలి. నేను అక్కడ కాసేపు నిలబడి ముందుకు కదిలాను.

ఇంత పట్టుదలగా గుర్తులను కాపాడుకోవడానికి కారణం ఉంది. 2006 మార్చి 28న పాత పటాలాలన్నీ కలిపి రాయల్ రెజిమెంట్ ఆఫ్ స్కాట్లాండ్ చేశారు. టోపీ బ్యాడ్జి అందరికీ ఒకటే అయింది. టోపీ మీద పాత పటాలానికి గుర్తుగా మిగిలింది ఈకల కుచ్చు ఒక్కటే. బ్లాక్ వాచ్‌కు ఎరుపు, ఫ్యూజిలియర్లకు తెలుపు, హైలాండర్స్‌కు నీలం, ఆర్గైల్స్‌కు ఆకుపచ్చ. తర్వాత వచ్చిన కోతల్లో ఆర్గైల్స్ బెటాలియన్ కూడా పోయి, బాలక్లావా కంపెనీ అనే ఒక్క చిన్న దళం మిగిలింది.

ఎడిన్‌బరా రాయల్ మైల్‌లో షాపుల నిండా కిల్టులే. పర్యాటకులు ఏ గళ్లయినా కొనుక్కోవచ్చు, ఎవరూ అభ్యంతరం చెప్పరు. అసలు 1746 చట్టంతో ఇదే బట్టను నిషేధించి, 1782 దాకా ఎత్తేయలేదు. ఆ కాలంలో సైన్యంలో ఉన్నవాళ్లకు మాత్రం మినహాయింపు. ఇప్పుడు కిల్ట్ అందరిదీ. కానీ సైనిక యూనిఫాం అనుమతి లేకుండా వేసుకోవడం 1894 చట్టం ప్రకారం నేరం. చట్టం మాట ఎలా ఉన్నా, సంపాదించుకోని బ్యాడ్జిని ఫోటో కోసం పెట్టుకోవడం నాకైతే తప్పే అనిపిస్తుంది. అద్దెకిచ్చే నల్లకోటు, బో టై వేసుకుంటే పెళ్లికీ విందుకీ సరిపోతుంది.

ఎడిన్‌బరా కోటలో స్కాట్స్ గ్రేస్ అనే గుర్రపు దళం సార్జంటు ఎవార్ట్ 1815లో వాటర్లూ యుద్ధంలో పట్టుకున్న ఫ్రెంచ్ జెండా కర్ర మీది గద్ద బొమ్మ ఉంది. దాన్ని చూసి, మర్నాడు ఉత్తరానికి బయల్దేరాను.

ఇన్వర్నెస్ దగ్గర సముద్రంలోకి చొచ్చుకుపోయిన ఫోర్ట్ జార్జ్‌లో హైలాండర్స్ మ్యూజియం ఉంది. సీఫోర్త్ పటాలం ఆఫీసర్ల కాలరు గుర్తుల్లో చిన్న ఏనుగు, దాని పైన "అసాయే" అన్న అక్షరాలు కనబడగానే ఒళ్లు ఝల్లుమంది. 1803 సెప్టెంబరు 23న, ఇప్పటి మహారాష్ట్రలోని అసాయే దగ్గర ఈస్టిండియా కంపెనీ తరఫు సేనాని వెల్లెస్లీ మరాఠా సైన్యంతో తలపడ్డాడు. ఎడమ చివర తర్వాత సీఫోర్త్‌లో కలిసిన 78వ హైలాండర్స్, కుడి వైపు 74వ పటాలం, మధ్యలో మద్రాసు సిపాయిలు. 74వ పటాలం దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. కంపెనీ మద్రాసు సైన్యంలో ఆనాడు ఉత్తర సర్కారుల తెలుగువాళ్లు చాలామందే ఉండేవారు. ఈ రోజుకీ మద్రాస్ రెజిమెంట్ బ్యాడ్జి మీద ఉన్నది అసాయే ఏనుగే, అడ్డంగా రెండు కత్తులతో.

అక్కడున్న పెద్దాయనకు ఫోనులో బావగారి ఫోటో చూపించాను. ఆయన టోపీ మీది బ్యాడ్జిని వేళ్లతో పెద్దది చేసి చూసి, హోదా ఏమిటని అడిగాడు. హవల్దార్ అంటే సార్జంటు లెక్క అని చెప్పాను. "అయితే మా సార్జంట్ల మెస్‌కు అతిథిగా రావాల్సిన మనిషి" అంటూ చేయి కలిపాడు.

ఆ సాయంత్రమే మాధవరం ఫోన్ చేశాను. విషయం విని బావగారు మొదట అడిగింది ఒకటే.

"నిజంగా పిలిస్తే నా మెడల్స్ పెట్టుకుని వెళ్లొచ్చా?"

"రాత్రి విందుకైతే చిన్నవి చేయించుకోవాలి బావగారూ. పగలు పరేడ్ చూడ్డానికైతే మీవే పెట్టుకోండి" అన్నాను.

"చిన్నవి సికింద్రాబాద్‌లో చేస్తారు, నాకు తెలుసు" అన్నారు.