ధాన్యం పోసి కొన్న మాంసం

‘జనాన్ని పీక్కు తింటున్నారు’ అని మనం వడ్డీ వ్యాపారుల గురించి అనే మాటను ఉన్నదున్నట్టుగా తీసుకుని, కథంతా దానిమీదే నడిపినట్టుంటుంది ఫ్రెంచి సినిమా ‘డెలికాటెసెన్’. జాన్ పియెర్ జ్యునే, మార్క్ కారో కలిసి దర్శకత్వం వహించిన ఈ 1991 నాటి చిత్రాన్ని నేను మూడుసార్లు చూశాను. చూసిన ప్రతిసారీ నా దృష్టి కసాయివాడిని వదిలి, అతని మేడలో అద్దెకుండే వాళ్ళ మీదికే మళ్ళింది.

అది తిండి కరువైన కాలం. గింజలే డబ్బుగా చెలామణి అవుతున్నాయి. శిథిలమైన మేడ కింద మాంసం దుకాణం నడిపే క్లాపే, ఇంటి పనులకు మనిషి కావాలని పత్రికలో ప్రకటన ఇచ్చి, వచ్చినవాడిని కోసి అద్దెవాళ్ళకు అమ్ముతాడు. అలా వచ్చినవాడే లూయిజోన్. ఒకప్పుడు సర్కస్ విదూషకుడైన ఇతను, తనతో కలిసి ఆడిన చింపాంజీని జనం తినేశారన్న దుఃఖాన్ని మోస్తూ ఉంటాడు.

అద్దెవాళ్ళు చూడటానికి రాక్షసులు కారు. ఇద్దరు అన్నదమ్ములు ఆవులా అరిచే ఆటబొమ్మలు చేస్తుంటారు; మనుషులను కోసే ఇంట్లో వినిపించే ఆ అరుపు నన్ను చాలా కలవరపెట్టింది. కసాయి తన ప్రియురాలితో ఉండగా కిర్రుమన్న మంచం స్ప్రింగుల లయకు, ఒకరు తివాచీ దులపడం, ఒకరు సైకిలుకు గాలి కొట్టడం, కసాయి కూతురు జూలీ సెల్లో వాయించడం, లూయిజోన్ పైకప్పుకు రంగు వేయడం, అన్నీ తెలియకుండానే కలిసిపోయి, వేగం పుంజుకునే ఘట్టం ఈ సినిమాకు ప్రాణం. నేను పగలబడి నవ్వాను. ఆ మేడ మొత్తం ఒక్కడి తాళానికే కదులుతోందని గ్రహించాక నవ్వు ఆగిపోయింది. బీభత్స రసం నుండి భయానక రసం పుడుతుందన్నాడు నాట్యశాస్త్రం రాసిన భరతుడు. ఇక్కడ దాని నుండి ముందు హాస్యం పుట్టి, ఆ హాస్యం వెనుక భయం వస్తుంది.

నేలకింద బతికే శాకాహారుల దళాన్ని మాత్రం ఉత్త కోణంగులుగా చూపడం నాకు లోపంగానే తోచింది. మాంసం తినడానికి నిరాకరించినవాళ్ళకు దర్శకులు మరికొంత గౌరవం ఇచ్చి ఉండవలసింది.

చివరికి అద్దెవాళ్ళందరూ ఒక్కటై లూయిజోన్, జూలీల మీదికి ఎగబడతారు. మంచం చప్పుడుకు తెలియకుండా కలిసిన ఆ చేతులే ఈసారి తెలిసి కలుస్తాయి.