నూట అరవై

మా నాయన ఇప్పుడు బాగానే ఉన్నాడు. అంటే వాకర్ పట్టుకుని వరండా దాకా వస్తున్నాడు, మజ్జిగన్నం తానే కలుపుకుంటున్నాడు, ఒక్కోరోజు నన్ను వాళ్ల చెల్లెలనుకుంటున్నాడు. ఆ చివరిది ఆసుపత్రికి పోకముందు నుంచే ఉంది. డిమెన్షియా అని మూడేళ్ల కిందటే రాసిచ్చారు. ఊళ్లో వాళ్లయితే పెద్దాయనకు మతి తప్పింది అంటారు.

మార్చిలో బాత్రూంలో జారిపడ్డాడు. తుంటి ఎముక విరిగింది. కందుకూరు నుంచి కావలి మీదుగా నెల్లూరు, ఎక్స్‌రేలు, సంతకాలు, ఆపరేషను. ఇవి ఎవరికైనా ఒకటే. ఎముకల డాక్టరు పనిమంతుడు, ఆ కాలు విషయంలో ఆయనకు రెండు చేతులెత్తి దణ్ణం పెడతాను. కాలికి పైన ఒక మనిషున్నాడని ఎవరూ చూడలేదు, నా కోపమంతా అదీ.

ఆపరేషనైన రెండో రోజు పొద్దుగూకేసరికి నాయన మారిపోయాడు. రాత్రి పదకొండు దాటాక దుప్పటి తన్నేసి లేచి కూర్చున్నాడు. "నూట అరవై! నూట అరవై దాటింది, లెయ్యండి!" అని కేకలు. డ్యూటీ సిస్టరు పరుగున వచ్చి బీపీ చూసింది. "నూట ముప్పయ్యే ఉంది తాతా, ఏం భయం లేదు" అంది. ఆ పిల్లను అనడానికేం లేదు. ఆసుపత్రిలో నూట అరవై అంటే ఎవరికైనా బీపీయే గుర్తొస్తుంది.

మూడో రాత్రి సెలైన్ సూది పీకేసుకున్నాడు. దుప్పటి నిండా రక్తం. ఆపరేషన్ చేసిన కాలు కింద పెట్టబోతుంటే పట్టుకున్నాను, చెంప మీద కొట్టాడు. పుట్టి బుద్ధెరిగాక నన్ను ఒక్క దెబ్బ కొట్టని మనిషి. "వదలండ్రా, కాలిపోద్ది" అంటున్నాడు. కాలి గురించి అంటున్నాడనుకున్నాను. వార్డుబాయ్‌లు ఇద్దరొచ్చారు. "కట్టేద్దామా అమ్మా? పడితే మళ్లీ ఆపరేషనే" అని సిస్టరు అడిగింది. రెండు రాత్రులుగా నాకు కునుకు లేదు. కట్టండి అన్నాను. ఇందులో ఎవరిని తిట్టుకున్నా ముందు ఈ మాట రాయాలి, కట్టమన్నది నేనే. రెండు మణికట్లూ గాజుగుడ్డతో మంచం కమ్మీలకు కట్టారు. నిద్రకు ఇంజక్షన్ చేశారు. నేను కింద చాప మీద పడి నిద్రపోయాను.

మూడింటప్పుడు మెలకువ వచ్చింది. కేకల్లేవు. సన్నగా ఏడుస్తున్నాడు. "ఇప్పండయ్యా, మీ కాళ్లు పట్టుకుంటా. బిడ్డలు తినాల." నన్నే అంటున్నాడు. అప్పటిదాకా నాయన చనిపోతాడేమోనని భయం. ఆ మాట విన్నాక, ఇట్టాగే బతుకుతాడేమోనని భయమేసింది. అయినా కట్లు ఇప్పలేదు. తెల్లారేదాకా ఆయన అరచెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

పొద్దున రౌండ్స్‌కి ఒక కుర్ర డాక్టరు వచ్చాడు. నా మొహం చూసి జాలిపడ్డట్టున్నాడు. "డిమెన్షియా పేషెంట్లు ఇంతేనమ్మా. ఆయనకేం తెలుస్తుంది, బాధంతా మీకే" అన్నాడు. ఓదార్చడానికే అన్నాడు, నాకూ అప్పుడు ఓదార్పుగానే ఉంది. నాయన గోడవైపు మొహం పెట్టుకుని ఉన్నాడు. డాక్టరు వెళ్లాక చూస్తే దిండు తడిగా ఉంది. చొల్లేమోనని తుడవబోయాను. కన్నీళ్లు.

బెంగళూరు నుంచి అన్నయ్య వీడియో కాల్ చేశాడు. "నాన్నా, నేనెవరో చెప్పు, చెప్పు చూద్దాం" అని మూడుసార్లు పరీక్ష పెట్టాడు. తర్వాత నాతో, "మనిషిని పెట్టుకో, డబ్బు నేను పంపిస్తా" అన్నాడు. పంపించాడు, ఒక్క రోజు ఆలస్యం చెయ్యలేదు. అందుకే వాణ్ని తిట్టడానికి కూడా నోరు రాదు.

ఆ సాయంత్రం ఫిజీషియన్ వచ్చింది. యాభై దాటిన మనిషి. వస్తూనే కట్లు విప్పించింది. తర్వాత వరసగా ప్రశ్నలు. విరేచనం ఎప్పుడైంది? ఐదు రోజులైంది. మూత్రం గొట్టం ఇంకా ఎందుకుంది? ఎవరూ తియ్యలేదు గనక ఉంది. నొప్పి మాత్ర అడిగితేనే ఇస్తున్నారా? నొప్పి అని చెప్పడం చేతకాని మనిషి అడిగేదెట్టా? చెవి మిషను, కళ్లజోడు ఏవి? అవి నా హ్యాండ్‌బ్యాగ్‌లో ఉన్నాయి. ఆపరేషనప్పుడు పోతాయని నేనే దాచాను. నాలుగు రోజులుగా ఆయనకు ఎదుటి మొహం సరిగా కనపడలేదు, మాట వినపడలేదు. పైగా వచ్చినవాళ్లంతా మీదపడి చేతులు పట్టుకుంటున్నారు.

"మతిమరుపు ఏళ్ల మీద ముదురుతుందమ్మా. రెండు రోజుల్లో మనిషి తలకిందులైతే అది డెలీరియం. వేరే కారణముంటుంది, వెతకాలి" అంది. వెతికితే రక్తంలో సోడియం 122 ఉంది, 135కు తగ్గకూడదట. మూత్రంలో ఇన్ఫెక్షన్. సోడియం ఒక్కసారిగా పెంచితే మెదడుకే ప్రమాదమని నెమ్మదిగా ఎక్కించారు. గొట్టం తీసేశారు. పెద్దవాళ్లలో ఆ నిద్ర ఇంజక్షన్లు అయోమయాన్ని ఇంకా పెంచుతాయని ఆపించింది. నొప్పి మందు అడగకపోయినా వేళకు ఇమ్మని రాసింది. ఇదంతా మొదటి రోజే ఎవరైనా అడిగి ఉండొచ్చు. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

ఆ రాత్రి డ్యూటీలో ఉన్న ఆయమ్మది కొండపి వైపు. నాయన మళ్లీ నూట అరవై అని మొదలుపెట్టాడు. ఆమె తుడుపుకర్ర గోడకానించి, చెవి దగ్గరకు వంగి, "పెద్దాయనా, మీకు బ్యారన్లెన్ని?" అంది.

"రెండు" అన్నాడు నాయన, టక్కున. ఆపరేషన్ అయ్యాక అడిగినదానికి ఇచ్చిన మొదటి జవాబు అది.

తెలియనివాళ్లకు చెప్పాలి. బ్యారన్ అంటే పొగాకు కాల్చి ఎండబెట్టే కొట్టం. అందులో పచ్చాకు ఎక్కించాక ఐదారు రోజులు పగలూ రాత్రీ మంట చూసుకోవాలి. ఆకు పండేదాకా సన్న సెగ. తర్వాత పెంచుకుంటూ పోయి, ఈనె ఎండేవేళకు నూట అరవై దాకా తెస్తారు, ఫారెన్‌హీట్ లెక్కలో. సెగ మరీ మీరినా, ఎండిన ఆకు జారి కింద వేడి గొట్టాల మీద పడినా బ్యారన్ బుగ్గే. నాయన ముప్పై ఏళ్లు జనవరి నుంచి మార్చి దాకా బ్యారన్ పక్కన నులకమంచం మీదే పడుకున్నాడు. నేను ఆరో తరగతి నుంచి కావలి హాస్టల్లో ఉన్నాను. వేసవి సెలవులకు వచ్చేసరికి బ్యారన్‌కు తాళం ఉండేది, బేళ్లు కందుకూరు వేలానికి పోతుండేవి. ఆ డబ్బుతో చదువుకున్న నాకు తెలియలేదు. చిన్నప్పుడు కూలికి ఆకు అల్లిన ఆయమ్మకు తెలిసింది.

"నేను చూసొస్తా, మీరు పడుకోండి" అని ఆయమ్మ వరండా చివరిదాకా నిజంగానే నడిచి వెళ్లొచ్చింది. "నూట యాభై ఎనిమిది. మంట తగ్గించినా" అంది. నాయన తల ఊపి కళ్లు మూసుకున్నాడు.

మర్నాడు మందులు కొనుక్కుని వస్తుంటే బోర్డుల మీద పొగతోట అన్న పేరు కొత్తగా కనిపించింది. నెల్లూరులో ఆసుపత్రులు ఎక్కువగా ఉండే పేట పేరు అదే. రోడ్డు మధ్యలో నిలబడి నవ్వాను, ఏడుపూ వచ్చింది.

అంతటితో అన్నీ సర్దుకోలేదు. తర్వాతి రాత్రి కూడా సూది పీకాడు, ఒక సిస్టరును బూతులు తిట్టాడు. తేటపడడానికి వారం పట్టింది. వెళ్లేటప్పుడు ఆయమ్మ చేతిలో ఐదొందలు పెడితే, కొడుకు ఫీజుకు పనికొస్తుందని తీసుకుంది. అమ్మ మాత్రం మాలకొండ నరసింహస్వామికి మొక్కుకుంది, ఆ మొక్కే బతికించిందంటుంది. ఆ గుడి శనివారమే తెరుస్తారు. మూడో శనివారం వెళ్లి తీర్చుకున్నాం. నేనూ మనసారానే దణ్ణం పెట్టాను.

ఇంట్లో ఇట్టాంటి పెద్దవాళ్లుంటే ఆసుపత్రికి పోయేటప్పుడు కళ్లజోడు, చెవి మిషను బ్యాగులో దాచకండి, వాళ్లకు పెట్టండి. ఆయన ఏం పని చేసేవాడో, రాత్రి ఎన్నింటికి లేచేవాడో ఒక కాగితం మీద రాసి మంచానికి తగిలించండి. నేనెవరో చెప్పు అని పరీక్షలు పెట్టకండి. ఉన్నట్టుండి మారిపోతే సోడియం, మూత్రం, విరేచనం, నొప్పి చూశారా అని అడగండి, విసుక్కున్నా అడగండి. ఇంటికొచ్చాక సాయం కావాలంటే పెద్దవాళ్ల కోసం 14567 అనే ఉచిత నంబరుంది.

నిన్న రాత్రి మంచం మీద లేచి కూర్చుని, "ఎంతుంది మే?" అన్నాడు. కిటికీ దాకా వెళ్లి, చీకట్లోకి చూసొచ్చి, "నూట అరవై నాయనా" అన్నాను.

"ఇంక కట్టె పెట్టబాక" అని పక్కకు తిరిగి పడుకున్నాడు.