చుట్టాయన సీన్

ఇంగ్లీషు సినిమా పెడితే నాన్న గోడవైపు తిరిగి పడుకుంటారు. ముప్పై ఏళ్లు లారీల కింద పడుకుని రిపేర్లు చేసిన మనిషి. చక్రాలు నేల మీద ఆనని బండి ఆయన లెక్కలో బండే కాదు. మొన్న ఆదివారం 1970 నాటి 'ఎయిర్‌పోర్ట్' పెట్టినప్పుడూ అంతే, ఐదు నిమిషాల్లో గురక.

ఆర్థర్ హేలీ నవలని జార్జ్ సీటన్ సినిమాగా తీశాడు. షికాగో దగ్గర ఓ కల్పిత విమానాశ్రయం, ఒకే రాత్రి, ఆగకుండా కురిసే మంచు. బాంబు పేలడానికి చాలాసేపు పడుతుంది. ఈలోగా మేనేజరు గారి కాపురం గొడవలు, పైలట్ గారి ప్రేమ వ్యవహారం. తెరని ముక్కలు చేసి ఫోన్లు మాట్లాడించే చోట నాకూ కునుకు పట్టింది.

నన్ను లేపింది హెలెన్ హేస్. టికెట్ లేకుండా విమానాలెక్కే ముసలమ్మ. "మా అబ్బాయి పర్సు మర్చిపోయాడు, ఇచ్చేసి వస్తా" అని లోపలికి దూరిపోతుందట. దొరికాక కూడా ఆ కిటుకు మురిసిపోతూ చెబుతుంది! ఈ వేషానికే ఆవిడకి ఆస్కార్ వచ్చింది.

ఆమె పక్క సీట్లోనే బాంబు మనిషి. తను పోతే బీమా డబ్బు భార్యకి వస్తుందని అతని ఆశ. ఇది ఊరికే అల్లిన కథ కాదు. 1955లో డెన్వర్‌లో ఒకడు తల్లి పేర బీమా తీసుకుని, ఆమె సామానులో బాంబు పెట్టాడు. 44 మంది పోయారు. అయినా సినిమాలో ఆ బ్రీఫ్‌కేసుని ఎవరూ తెరిచి చూడరు. అమెరికాలో అందరినీ తనిఖీ చేయడం తప్పనిసరైంది 1973లోనే మరి. ఎయిర్‌హోస్టెస్ ఎలాగో ఆ కేసు లాక్కుంటే, సంగతి తెలియని ఓ ప్రయాణికుడు న్యాయం చేస్తున్నాననుకుని తిరిగి అతని చేతికే ఇచ్చేస్తాడు. నేను గట్టిగా తిట్టేశాను. ఆ అరుపుకి నాన్న లేచారు.

సరిగ్గా అప్పటికి మెకానిక్ పెట్రోనీ వంతొచ్చింది. నోట్లో చుట్ట పెట్టుకున్న జార్జ్ కెనడీ. బాంబు పేలి దెబ్బతిన్న విమానం దిగాల్సిన రన్‌వేకి అడ్డంగా ఇంకో బోయింగ్ 707 విమానం మంచులో దిగబడి ఉంది. చక్రాల ముందు తవ్వించాడు. పైలట్ ఇంజన్లు పెంచి, విమానం ఎక్కడ విరుగుతుందోనని మధ్యలో తగ్గించేశాడు.

"చెయ్యి తీసేశాడు చూడమ్మా! ఇంకాస్త ఉంచితే వచ్చేసేది!" నాన్న మంచం దిగేశారు.

అవతల మంచు తోసే బళ్లు వరసగా నిలబడ్డాయి, టైముకి కదలకపోతే విమానాన్ని పక్కకి నెట్టేయడానికి. "అయ్యో, అంత బండినా?" అన్నారు, మా ఇంటి సామానే అన్నట్టు. చివరికి పెట్రోనీ తనే సీట్లో కూర్చుని నాలుగు ఇంజన్లూ పూర్తిగా లేపాడు. అది ఊగి, మూలిగి, బయటికొచ్చింది. నాన్న తొడ చరిచారు.

కన్నం పడ్డ విమానం కిందికి దిగుతోంది. నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను.

"అది దిగుతుందిలే గానీ, ఆ చుట్టాయన సీన్ ఇంకోసారి పెట్టు."