మొక్కలు నాటే ముందు ఒక్క ఏడాది ఆగండి

పొలంలో వాలుగా ఉన్న 2 ఎకరాల ముక్కని అడవికి వదిలేద్దాం అనుకున్నాక నేను చేసిన మొదటి పని నర్సరీకి పరిగెత్తడం. ఇప్పుడెవరైనా అడిగితే ఆ పని చివర్లో చెయ్యండి అంటాను. 300 మొక్కలు తెచ్చి, వరసగా గుంతలు తీసి నాటి, నీళ్లు మోసి పోశాం. ఏడాది తిరిగేసరికి బతికినవి 40 కూడా లేవు. ఎండకి పోయాయేమో అనుకున్నాను గానీ చంపింది గడ్డి. దాని వేర్లు నేల పైపొరలో చాపలా అల్లుకుని ఉంటాయి, వాన పడగానే ఆ తడంతా అదే తాగేస్తుంది, జానెడు మొక్కకి మిగిలేది ఏమీ ఉండదు. ఏళ్ల తరబడి ఎరువు వేసిన నేలైతే గడ్డికి ఇంకా బలం.

చాలా బాధపడ్డాను. ఆ రోజుల్లోనే గట్టు పక్కన ఒకటి కంటపడింది. ఏటా కొడవలితో కొట్టేసే పొద అది, ఆ ఏడు మాత్రం ఎవరూ ముట్టుకోలేదు, కంచె వేశాం కాబట్టి పశువులూ మెయ్యలేదు. ఆకులు పక్కకి తప్పించి చూస్తే కింద రోలంత మోడు, నల్లబడి, సగం మట్టిలో కూరుకుపోయి ఉంది, దాని చుట్టూ 20 దాకా పిలకలు. ఎప్పుడో నరికేసిన చెట్టు! ఏటా చిగురు వెయ్యడం, మేము కొట్టెయ్యడం, ఇన్నేళ్లుగా ఇదే జరుగుతోంది. బలంగా ఉన్న 3 పిలకలు ఉంచి మిగతావి కోసేశాను. రెండో వానాకాలం అయ్యేసరికి అవి నా తల దాటిపోయాయి, వేరు ముందే లోతుకి దిగి ఉంది కదా మరి.

ఇది నేనేదో కొత్తగా కనిపెట్టింది కాదు. ఆఫ్రికాలో నైజర్ అనే దేశం ఉంది, అక్కడ 1980ల మొదట్లో టోనీ రినౌడో అనే ఆస్ట్రేలియా ఆయన ఏళ్లపాటు మొక్కలు నాటించి, అవి చచ్చిపోతుంటే విసిగిపోయి, చివరికి పొలాల్లో పొదలనుకున్నవన్నీ నరికిన చెట్ల పిలకలేనని గుర్తించాడు. రైతులు వాటిని కొట్టకుండా కాపాడుకుంటూ వచ్చారు, దాదాపు 50 లక్షల హెక్టార్లలో చెట్లు తిరిగొచ్చాయి. ఆ సంగతి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మోళ్లు లేని చోట ఏం చెయ్యాలి అంటే, పక్షులకి కూర్చోడానికి చోటివ్వాలి. ఖాళీ పొలం మీదుగా అవి ఎగిరిపోతాయే తప్ప దిగవు. ఎండిన పెద్ద కొమ్మలు అక్కడక్కడా పాతాను, వాటి కింద రెట్టలు, రెట్టల్లో విత్తనాలు. కాకపోతే కింద గడ్డి గీకెయ్యకపోతే మొలకలు నిలవవు, ఇది మర్చిపోవద్దు. ఇంకోటి, చిన్న పక్షులు చిన్న గింజలే తేగలవు. పెద్ద గింజ చెట్లు వాటంతటవి రావు, వాటిని మనమే నాటాలి, నర్సరీ అవసరం నిజంగా అక్కడే. వరసల్లో కాకుండా గుంపులుగా నాటితే నీడ తొందరగా కమ్మి గడ్డి దానంతటదే తగ్గుతుంది.

కలుపు పొదలన్నీ పీకెయ్యాలా అని చాలామంది అడుగుతారు. న్యూజిలాండ్‌లో హినెవై అనే చోట 1987 నుంచి హ్యూ విల్సన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు గోర్స్ అనే పరాయి ముళ్లపొదని పీకకుండా వదిలేశాడు. దాని నీడలో స్థానిక చెట్లు మొలిచి, దాన్ని దాటి పెరిగాయి, ఎండ అందక గోర్స్ చచ్చిపోయింది. ప్రతి పొదా ఇలా తప్పుకోదు, నీడని తట్టుకుని చెట్టునే అణిచేసేవీ ఉంటాయి, వాటిని మాత్రం వేళ్లతో సహా తియ్యాల్సిందే. కాబట్టి పీకే ముందు దాని కిందకి వంగి, ఏమైనా మొలుస్తోందా చూడండి.

పడిపోయిన మానుని శుభ్రం పేరుతో లాగెయ్యకండి. పుచ్చిన చెక్కలో పురుగులు, వాటి కోసం పక్షులు, తొర్రల్లో గుడ్లగూబలు, అన్నీ దాని మీదే బతుకుతాయి. మా దాంట్లో తొర్ర పడేంత పెద్ద చెట్టు రావడానికి ఇంకా కొన్ని దశాబ్దాలు పడుతుంది, అందుకే ఉన్న ఒక్క ముసలి చెట్టు కొమ్మ కూడా కొట్టనివ్వడం లేదు.

మొన్న వానకి, పాతిన కొమ్మల్లో మూడోదాని కింద ఒక మొలక కనిపించింది. రెండే ఆకులు, అంచులు కొంచెం ఎర్రగా ఉన్నాయి. మేము నాటింది కాదు, చుట్టుపక్కల అలాంటి చెట్టు ఎక్కడా చూసిన గుర్తు లేదు. తొక్కకుండా చుట్టూ నాలుగు పుల్లలు గుచ్చి వచ్చాను, ఇంకో జత ఆకులు వేస్తే ఏ చెట్టో తెలుస్తుంది.