ఎర్ర మూత, నారింజ మూత: ఇన్సులిన్ సిరంజిలో రెండున్నర రెట్ల తేడా

విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) చుట్టుపక్కల మందుల షాపుల్లో ఇన్సులిన్ సిరంజి రెండు రకాల్లో దొరుకుతుంది. ఒకదానికి ఎర్ర మూత, ఇంకోదానికి నారింజ మూత. ఒక మిల్లీలీటరు సైజులో రెండూ చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. ఎర్ర మూతది 40 రకం: మిల్లీలీటరు నిండా లాగితే 40 యూనిట్లు, చిన్న గీత ఒక్కోటి ఒక యూనిట్. నారింజ మూతది 100 రకం: అదే మిల్లీలీటరును 100గా కొలుస్తుంది, చిన్న గీత ఒక్కోటి రెండు యూనిట్లు. ‘ఇన్సులిన్ సూది ఒకటివ్వండి’ అని ఊరుకుంటే రెండింటిలో ఏది చేతికొస్తుందో చెప్పలేం.

సీసాల్లోనూ ఇదే తంటా. మన దేశంలో సీసా ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది. 10 మిల్లీలీటర్ల సీసాలో 400 యూనిట్లు. 100 రకం సీసాలో 1000 యూనిట్లు ఉంటాయి. పెన్నులో వేసే 3 మిల్లీలీటర్ల కార్ట్రిడ్జ్‌లు 100 రకానివి, ఒక్కోదానిలో 300 యూనిట్లు. చాలా దేశాలు 40 రకాన్ని ఎప్పుడో వదిలేశాయి. మన దగ్గర రెండూ పక్కపక్కనే నడుస్తున్నాయి. కొన్ని బ్రాండ్లలో ఒకే పేరు మీద 40 సీసా, 100 సీసా రెండూ అమ్ముతారు. కాబట్టి మందు పేరు చదివితే సరిపోదు, పక్కనున్న అంకె కూడా చదవాలి.

లెక్క వేసి చూడండి. డాక్టర్ రాసింది 20 యూనిట్లు. సీసా 40ది, చేతిలో నారింజ మూత సిరంజి. 20వ గీత దాకా లాగితే వచ్చేది 0.2 మిల్లీలీటర్లు, అందులో ఉన్నది 8 యూనిట్లే. తిరగేస్తే ఇంకా ప్రమాదం. సీసా 100ది, సిరంజి ఎర్ర మూతది అయితే 20వ గీత దగ్గర అర మిల్లీలీటరు ఉంటుంది, అంటే 50 యూనిట్లు.

ఎక్కువ వెళ్తే కొన్ని గంటల్లోనే చెమటలు, వణుకు, తికమక, స్పృహ తప్పడం రూపంలో బయటపడుతుంది. తక్కువ వెళ్లేదే నెలల తరబడి దాగి ఉంటుంది. షుగర్ దిగడం లేదని ఓపీలో డోసు 20 నుంచి 26కి, 26 నుంచి 30కి పెంచుకుంటూ పోతారు. ఒంట్లోకి వెళ్తున్నది మాత్రం 12 యూనిట్లు. ఆ మనిషి కాలి పుండుకో, జ్వరానికో వార్డులో చేరతాడు. ఇంటి దగ్గర ఎంత వేసుకుంటున్నారని అడుగుతాం, 30 అంటాడు, చార్టులో 30 ఎక్కుతుంది. వార్డులో సిరంజి సరైనదే కాబట్టి మొదటిసారి నిజంగా 30 వెళ్తుంది. షుగర్ అక్కడే పడిపోతుంది. చార్టు చూసినా, సిరంజి చూసినా ఎక్కడా తప్పు దొరకదు. అందుకే అడ్మిషన్‌లో డోసు ఎంతని అడగడంతో ఆగకుండా, ఇంట్లో వాడే సీసా, సిరంజి, పెన్ను తెప్పించి కళ్లతో చూడాలి.

తెచ్చే వీల్లేకపోతే ఒక ప్రశ్న అడగండి: ‘సీసా ఎన్నాళ్లొస్తోందమ్మా?’ పొద్దున 24, రాత్రి 16 చొప్పున రోజుకు 40 యూనిట్లయితే, 40 రకం సీసా సరిగ్గా పది రోజులకు ఖాళీ అవ్వాలి. ‘పాతిక రోజులు వస్తోంది సిస్టర్’ అన్నారంటే నారింజ మూత సిరంజి వాడుతున్నట్టే అనుకుని వెతకండి, లేదా పూటలు మానేస్తున్నారేమో చూడండి. 100 రకం సీసా అయితే పాతిక రోజులు రావాలి; పది రోజులకే అయిపోతోందంటే అది ఆ పూట డోసు ఆపి డాక్టర్‌కు చెప్పాల్సిన విషయం. ఈ ప్రశ్నకు అర నిమిషం పట్టదు. ఏ రక్తపరీక్షా పట్టుకోలేని తప్పును ఇది పట్టుకుంటుందని నా నమ్మకం.

సరైన సిరంజి దొరకనప్పుడు రెండున్నరతో గుణించో, భాగించో వేరే సిరంజితో లాగవచ్చని కొందరు నేర్పుతారు. లెక్క సరైనదే, కానీ రాత్రి రెండింటికి, ముప్పై మంచాల వార్డులో ఆ లెక్క చేయకూడదు. తర్వాతి షిఫ్టు సిస్టర్‌కు అది చేరదు, ఇంటికెళ్లిన పేషెంటుకు అసలే చేరదు. సరైన సిరంజి తెప్పించుకోవడమే పద్ధతి. పెన్ను పాడైందని కార్ట్రిడ్జ్‌లోంచి సిరంజితో లాగడం కూడా అలాంటిదే. కార్ట్రిడ్జ్ 100ది, చేతికందేది ఎర్ర మూత. ఆపైన మూడు రెట్లు చిక్కనైన 300 రకం గ్లార్జిన్ (రోజంతా పనిచేసే ఇన్సులిన్) పెన్నులు కూడా వచ్చాయి. వాటిలోంచి సిరంజితో ఏ పరిస్థితిలోనూ లాగకూడదు.

వార్డులో తప్పు పుట్టే చోట్లు ఇంకొన్ని ఉన్నాయి. మొదటిది రాత. 10 పక్కన ఇంగ్లీషు అక్షరం ‘యు’ గబగబా రాస్తే అది సున్నాలా కనబడి 10 కాస్తా 100 అవుతుంది. ‘యూనిట్లు’ అని పూర్తిగా రాయాలి, అంకెకూ మాటకూ మధ్య ఖాళీ వదలాలి. రెండోది సిరంజి పంప్, అంటే నరంలోకి మందును కొద్దికొద్దిగా ఎక్కించే (ఇన్‌ఫ్యూజన్) యంత్రం. 50 మిల్లీలీటర్ల నార్మల్ సెలైన్‌లో 50 యూనిట్ల రెగ్యులర్ ఇన్సులిన్ కలిపితే మిల్లీలీటరుకు ఒక యూనిట్ అవుతుంది. ఆ 50 యూనిట్లు 40 సీసాలోంచి అయితే 1.25 మిల్లీలీటర్లు, 100 సీసాలోంచి అయితే అర మిల్లీలీటరు. మామూలు 2 మిల్లీలీటర్ల సిరంజితో అందాజాగా లాగితే ఇక్కడే తేడా కొడుతుంది. 40 సీసా అయితే ఎర్ర మూత సిరంజితో ఒకసారి 40, ఇంకోసారి 10 లాగి కలపండి. ఇన్సులిన్ ప్లాస్టిక్ గోడకు అతుక్కుంటుంది కాబట్టి కొత్త ట్యూబు పెట్టినప్పుడు కలిపిన ద్రావణాన్ని 20 మిల్లీలీటర్లు దానిగుండా పారబోసి, తర్వాతే పేషెంటుకు తగిలించాలి. పారబోయకపోతే మొదటి గంటల్లో మందు ట్యూబుకే పోతుంది, షుగర్ దిగడం లేదని రేటు పెంచేస్తారు, ఆ తర్వాత ఒక్కసారిగా పడిపోతుంది. పొటాషియం రిపోర్టు చూడకుండా ఇన్‌ఫ్యూజన్ మొదలుపెట్టకండి. ఇన్సులిన్ పొటాషియాన్ని కణాల్లోకి తోసేస్తుంది. అసలే తక్కువగా ఉంటే గుండె లయ తప్పుతుంది.

ఇద్దరు సిస్టర్లు చూసుకోవాలనే నియమం చాలాచోట్ల ఉంది, అమలయ్యే తీరులోనే లోపం. ‘ఇది 12 యూనిట్లు, చూడు’ అని సిరంజి చూపిస్తే రెండో మనిషి కంటికి 12 గానే కనబడుతుంది. అంకె చెప్పకండి. కేస్ షీట్, సీసా, లాగిన సిరంజి మూడూ ఇచ్చి, ఎంత ఉందో ఆమెనే చెప్పమనండి.

భోజనంతో పొత్తు కుదరకపోయినా ప్రమాదమే. రెగ్యులర్ ఇన్సులిన్ తినడానికి అరగంట ముందు, త్వరగా పనిచేసే రకాలు తినబోయే ముందు. భోజనం బండి ఆలస్యమయ్యే వార్డుల్లో రెండో రకానికి పళ్లెం మంచం దగ్గరికి వచ్చాకే సూది వేయడం మంచిది. స్కానింగ్ కోసం పరగడుపున ఉంచిన మనిషికి పొద్దుటి డోసు మామూలుగా వేసేయకుండా డాక్టర్‌ను అడగాలి. పెన్ను విషయంలో మాత్రం మినహాయింపే లేదు: ఒక పెన్ను ఒక్క మనిషికే. సూది మార్చినా సరే, రక్తం వెనక్కి కార్ట్రిడ్జ్‌లోకి వెళ్లగలదు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2009లోనే దీనిమీద హెచ్చరిక ఇచ్చింది. వార్డు మొత్తానికి ఒకే పెన్ను తిప్పడమంటే హెపటైటిస్ బి, సి, హెచ్ఐవిలను మంచం మంచానికి మోయడమే.

సూది వేసే పద్ధతిలో ఎక్కువగా వదిలేసేది కలపడం. పాలలా తెల్లగా ఉండే ఎన్‌పీహెచ్ (నెమ్మదిగా పనిచేసేది), 30/70 (రెగ్యులర్, ఎన్‌పీహెచ్ కలిపినది) రకాల్లో మందు అడుక్కి దిగిపోతుంది. అరచేతుల మధ్య పదిసార్లు దొర్లించి, పదిసార్లు పైకీ కిందకీ తిప్పాలి. గట్టిగా కుదిపితే బుడగలు వచ్చి కొలత తప్పుతుంది. రెండు రకాలు ఒకే సిరంజిలో తీసేటప్పుడు ముందు తెల్ల సీసాలోకి గాలి, తర్వాత నీళ్లలాంటి (రెగ్యులర్) సీసాలోకి గాలి, ముందు నీళ్లలాంటిది లాగి ఆఖర్న తెల్లది. గ్లార్జిన్‌ను దేనితోనూ కలపకూడదు. పెన్నుతో అయితే ప్రతిసారీ రెండు యూనిట్లు గాల్లోకి వదిలి చుక్క కనబడ్డాకే వేయాలి, నొక్కాక పది లెక్కపెట్టి సూది తీయాలి.

రోజూ ఒకేచోట పొడిస్తే చర్మం కింద కొవ్వు గడ్డ కడుతుంది. అక్కడ నొప్పి తెలియదు కాబట్టి జనం ఇష్టపడి అక్కడే వేసుకుంటారు. మందు మాత్రం అక్కడి నుంచి ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ ఒంటికి పడుతుంది. కంటితో చూస్తే కొన్ని గడ్డలు దొరకవు, వేళ్లతో తడమాలి. గడ్డ వదిలి మంచి చర్మం మీదికి మారిన రోజు అదే డోసు ఎక్కువైపోవచ్చు. డాక్టర్‌కు చెప్పి, కొన్నాళ్లు ఎక్కువసార్లు షుగర్ చూస్తూ మార్చుకోవాలి. కొత్త పోటు పాత పోటుకు కనీసం ఒక సెంటీమీటరు దూరంలో ఉండాలి.

ఇక విశాఖ ఎండ, విశాఖ తేమ. తెరవని సీసా 2 నుంచి 8 డిగ్రీల మధ్య, ఫ్రిజ్ మధ్య అరలో ఉండాలి. గడ్డకట్టే అరకు ఆనుకుంటే మందు పోయినట్టే, కరిగాక మామూలుగా కనిపించినా వాడకూడదు. తెరిచిన సీసా చాలా రకాలకు 28 రోజులు బయట నీడలో ఉండొచ్చు, తెరిచిన తేదీ మూత మీద పెన్నుతో రాసుకోవాలి. రోజుకు పది యూనిట్లే వాడేవాళ్లకు 400 యూనిట్ల సీసా 40 రోజులు వస్తుంది. మిగిలిందని వాడకుండా 28కే పారేయాలి. ఫ్రిజ్ లేని ఇంట్లో కుండ పద్ధతి మంచిదే: పెద్ద కుండలో తడి ఇసుక, దానిలో చిన్న కుండ, అందులో ప్లాస్టిక్ డబ్బాలో సీసా. అయితే నీరు ఆవిరైతేనే చల్లదనం. అనంతపురం పొడి ఎండలో ఇచ్చినంత చల్లదనం మన సముద్రపు గాలిలో ఇవ్వదు. ఇంట్లో గాలి ఆడే చోట, ఎండ తగలకుండా పెడితే ఉపయోగం. దిగులు పడనక్కర్లేదు: జెనీవా విశ్వవిద్యాలయం, డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ కలిసి 2021లో ప్రచురించిన పరిశోధనలో 25 నుంచి 37 డిగ్రీల మధ్య మారే వేడిలో నాలుగు వారాలు ఉంచిన ఇన్సులిన్ బలం తగ్గలేదు. ఎండలో నిలిపిన ఆటో డిక్కీ వేడి ఆ లెక్కలోకి రాదు.

హార్బర్ నుంచి మరబోట్ల మీద రోజుల తరబడి వేటకెళ్లే వాళ్లకు ఈ మాట విడిగా చెప్పాలి. చేపల ఐసులో సీసా పెడితే చల్లగా ఉంటుందనుకుంటారు, అక్కడ అది గడ్డకట్టిపోవచ్చు. గుడ్డలో చుట్టి, డబ్బాలో వేసి, ఇంజిన్‌కు దూరంగా నీడలో ఉంచితే చాలు. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు ఇంట్లో రెండు వారాలకు సరిపడా సీసాలు, సిరంజిలు, స్ట్రిప్పులు ఉన్నాయో లేదో చూసుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కొట్టాక ఈ ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు ఫ్రిజ్ చల్లదనం పోయిన రోజునే తెరవని సీసా మీద కూడా తేదీ వేసి, అక్కడి నుంచి 28 రోజులు లెక్కపెట్టుకోవచ్చు.

గ్లూకోమీటర్ స్ట్రిప్పులకూ తేమ పడదు, డబ్బా మూత వెంటనే బిగించాలి. మామిడిపండు తిన్న వేలు కడగకుండా గుచ్చితే లేని షుగర్ కనిపిస్తుంది. ఆ అంకె చూసి డోసు పెంచితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరాకే గుచ్చండి.

షుగర్ 70 కంటే దిగితే 15 గ్రాముల గ్లూకోజ్ పొడి గానీ, మూడు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి గానీ ఇవ్వాలి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. చాక్లెట్, క్రీము బిస్కెట్ వద్దు. కొవ్వు వల్ల ఆలస్యంగా పనిచేస్తాయి. అకార్బోజ్ (పంచదార అరగడాన్ని నెమ్మదింపజేసే షుగర్ మందు) మాత్ర వాడే మనిషికి పంచదార త్వరగా పనిచేయదు, గ్లూకోజే ఇవ్వాలి. స్పృహ లేని మనిషి నోట్లో ఏదీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. వార్డులో పెద్దవాళ్లకు 25 శాతం డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్ ద్రావణం) 100 మిల్లీలీటర్లు, అంటే 25 గ్రాములు, మంచి నరంలోంచి. లేచి మాట్లాడాడని వదిలేయకూడదు. ఎక్కువసేపు పనిచేసే రకం ఒంట్లో ఉంటే రెండు మూడు గంటల్లో మళ్లీ పడుతుంది.

డిశ్చార్జ్ రోజు ‘అర్థమైందా?’ అని అడిగితే అందరూ తలూపుతారు. వాళ్ల సీసా, వాళ్ల సిరంజి చేతికిచ్చి, ‘పొద్దుటి డోసు లాగి చూపించమ్మా’ అనాలి. చూపు మందగించిన పెద్దవాళ్లయితే ఇంట్లో లాగేది ఎవరో వాళ్లచేత చేయించాలి. పాడేరు వైపు నుంచి వచ్చి చదువురాని వాళ్లయితే 40 రకం సీసా మీద ఎర్ర స్టిక్కర్ అంటించి, ఎర్రదానికి ఎర్రమూతే అని చెప్పాలి. వాడిన సూదులు గట్టి ప్లాస్టిక్ సీసాలో వేసి మూత బిగించమనాలి, చెత్తబండి వాళ్ల చేతులకు గుచ్చుకోకుండా. మందుల చీటీలో డోసు పక్కన ఇంకో వరుస చేర్చాలి, అది చూపించే షాపులో సిరంజి కొనమనాలి: సీసా 40ది, మూత ఎర్రది, పొద్దున 24వ గీత, రాత్రి 16వ గీత, సీసా పది రోజులు.