రాయగడలో జాకెట్టు ముక్కలతో బొంత కుట్టాం

ఒడిశాలోని రాయగడలో జాకెట్లు కుట్టే నాలాంటివాళ్ళకి ఏడాదంతా రెండు రకాల పండగల మీద నడుస్తుంది. తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, శ్రావణ శుక్రవారాలు ఒక పక్క. ఒడియావాళ్ళ రజో, రథయాత్ర, కుమార పూర్ణిమ ఇంకో పక్క. జూన్ నెల సగంలో రజో అయిపోయి, ఆషాఢ విదియనాడు రథం లాగేశాక మిషను చప్పుడు తగ్గుతుంది. ఆషాఢంలో మనవాళ్ళకి ముహూర్తాలుండవు కదా. శ్రావణం వచ్చేలోపు దొరికే ఆ ఖాళీలోనే పోయినేడాది బొంత పని పెట్టుకున్నాను.

నా కటింగ్ బల్ల కింద గోనెసంచులు నిండిపోయి ఉన్నాయి. జాకెట్టు కోశాక చంక దగ్గర నెలవంక ఆకారంలో ఒక ముక్క, మెడలోంచి గుండ్రటి ముక్క, చేతుల పక్కన పొడుగాటి పేలికలు మిగులుతాయి. కస్టమర్లు వాటిని పట్టుకెళ్ళరు. నాకు పారెయ్యబుద్ధి కాదు. సంబల్‌పురి ఇకత్, బరంపురం పట్టు, మంగళగిరి నూలు, టూ బై టూ, లైనింగ్ పాప్లిన్, ఇవన్నీ ఏళ్ళ తరబడి పోగుపడ్డాయి. ఏ ముక్క ఎవరి జాకెట్టుదో చాలావరకు చెప్పగలను. పార్వతీపురంలో మా అమ్మ పాత చీరలతోనే బొంతలు కుట్టేది, ముక్కలు అతికేది కాదు. నాకు మాత్రం మా వీధి ఆడవాళ్ళ జాకెట్లన్నీ ఒక్కచోట పరిచి చూసుకోవాలని కోరిక.

ముందు ఏరడం. బొంత ఎన్నాళ్ళు మన్నుతుందో ఇక్కడే తేలిపోతుంది కాబట్టి దీనికి తొందరపడకూడదు. చూడ్డానికి నూలులా ఉన్న గుడ్డలో కూడా పాలిస్టర్ కలిసి ఉంటుంది. అనుమానం ఉన్న ముక్కలోంచి నాలుగు పోగులు లాగి అగ్గిపుల్లతో అంటించి చూశాను. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద మిగులుతుంది. పట్టైతే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది. పాలిస్టర్ ముడుచుకుపోయి గట్టిగా ఉండ కట్టేస్తుంది. పాలిస్టర్ చెమట పీల్చదు. అందుకని దాన్ని తీసేశాను. పట్టు కూడా వద్దనుకున్నాను. బరంపురం పట్టు ముక్కలు చూస్తుంటే ప్రాణం ఒప్పలేదు గానీ, నూలునీ పట్టునీ ఒకేలా ఉతకలేం. వాటితో చిన్న చిన్న పర్సులు కుట్టుకోవచ్చని వేరే సంచిలో దాచాను.

మిగిలిన నూలు ముక్కలన్నీ ఒకసారి ఉతకాలి. కొత్త గుడ్డ నీళ్ళు తగిలాక ముడుచుకుంటుంది, పాత చీర అప్పటికే ముడుచుకుని ఉంటుంది. రెండూ ఉతక్కుండా కలిపి కుడితే మొదటి ఉతుక్కే బొంత ఉబ్బెత్తులు తేలుతుంది. ముక్కల్ని విడిగా నానబెడితే పోగులు ఊడి ఒకదానికొకటి చుట్టుకుంటాయి. దిండు గలీబులో వేసి మూతి కట్టేసి ఉతికితే ఆ బాధ లేదు.

ఎర్ర రంగు గుడ్డల దగ్గర మరీ జాగ్రత్త పడ్డాను. తడిపిన ముక్కని తెల్ల గుడ్డ మీద పెట్టి వేడి ఇస్త్రీ పెట్టె అదిమితే రంగు దిగేదేదో, దిగనిదేదో అప్పటికప్పుడే తెలిసిపోతుంది. ఒడిశాలోనే ఉన్న జైపూర్ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒకావిడ పాత కోట్‌పాడ్ కండువా ఇచ్చింది. కోరాపుట్ జిల్లా కోట్‌పాడ్‌లో మిర్గాన్ నేతగాళ్ళు తొగరు జాతి చెట్టు వేరుతో నూలుకి రంగు వేస్తారు. అందుకే ఆ ముదురు ఎరుపు, గోధుమ రంగు వస్తాయి. ఆ నేతగాళ్ళలో గోవర్ధన్ పణికా గారికి 2018లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ కండువా ఎన్ని ఏళ్ళు వాడారో గానీ, తడిపి అదిమినా తెల్ల గుడ్డ మీద మరక పడలేదు. మందంగా ఉండే ఆ గుడ్డని నాలుగు మూలలకీ ఉంచుకున్నాను.

తర్వాత కొలతలు. అయిదున్నర మీటర్ల చీరని మూడు మడతలు వేస్తే సుమారు ఆరడుగుల పొడవు, మూడు ముప్పావు అడుగుల వెడల్పు వస్తుంది. ఒక మనిషి పడుకోవడానికి సరిపోయే బొంత అది. మధ్యలో ఆ మూడు మడతలు, అడుగున ఇంకో చీరలోంచి ఒక పొర, పైన ముక్కల పొర, మొత్తం అయిదు పొరలు. ముక్కల్ని నాలుగంగుళాల చదరాలుగా కోశాను. చుట్టూ పావంగుళం కుట్టులోకి పోతే మూడున్నర మిగులుతుంది. పొడవుకి ఇరవై, వెడల్పుకి పన్నెండు, అంటే 240 చదరాలు. చుట్టూ అంచు వేస్తే కొలత కుదిరిపోతుంది. కోసేటప్పుడు నిలువు పోగు చూసుకోవాలి. మనం జాకెట్టుకి కావాలని క్రాస్‌లో, అంటే పోగుకి ఏటవాలుగా, కోస్తాం, అది ఒంటికి సాగాలి కాబట్టి. బొంత చదరం సాగకూడదు. క్రాస్ ముక్క ఒక్కటి దూరినా ఆ వరసంతా వంకర తిరుగుతుంది.

చదరాలు కలపడం మిషను మీదే చేశాను. ఇందులో నాకు ఏ పట్టింపూ లేదు. రెండు పొరలే కాబట్టి మిషను చక్కగా కుడుతుంది, గట్టిగా ఉంటుంది.

చంక ముక్కల సంగతి తేల్చింది మా వీధి చివరి మౌసీ. ఆవిడ పుట్టిల్లు పూరీ జిల్లా పిపిలి దగ్గర. గుడ్డ మీద గుడ్డ అతికి చాందినీలు, గొడుగులు కుట్టే ఊరు పిపిలి. జగన్నాథుడి రథాలకి కప్పేది కూడా ఇలాంటి అతుకు పని గుడ్డలే. ఆవిడ నా సంచిలోంచి నెలవంక ముక్కలు తీసి అంచు మీద పేర్చి, "వీటిని చదరాలుగా కొయ్యకమ్మా, ఇలాగే ఉంచు" అంది. అప్పటిదాకా నేను చూడని అందం అది. పాత శుభలేఖ అట్టని నెలవంకలా కోసి, దాని మీద గుడ్డ పెట్టి అంచులు వెనక్కి మడిచి ఇస్త్రీ చెయ్యాలి. లోపలి వంపుకి చిన్న చిన్న గాట్లు పెడితేనే మడత తిరుగుతుంది, బయటి వంపుకి అక్కర్లేదు. అట్ట తీసేసి, మడతలోంచి సూది పైకి తెచ్చి కింది గుడ్డలో రెండు పోగులు మాత్రమే పట్టుకుని మళ్ళీ మడతలోకి దూర్చాలి. అలా కుడితే దారం కనబడదు. ఇన్నేళ్ళు వందల జాకెట్లకి హెమ్మింగ్ చేసిన చెయ్యి నాది. అయినా మౌసీ వేళ్ళు కదిలే తీరు పక్కన కూర్చుని చూస్తే గానీ ఈ పని పట్టుబడలేదు. ఆ శుభలేఖ అట్టలు పది కోసి అడిగిన వాళ్ళందరికీ ఇచ్చాను.

పొరలు పరవడానికి ముందు గదిలో సామానంతా తీసేశాం. నేల తుడిచి అడుగు చీర పరిచి, నాలుగు వైపులా లాగి బరువులు పెట్టాం. ఇస్త్రీ పెట్టె, పొత్రం, ఇత్తడి బిందె, ఏది దొరికితే అది. ఒక్కో పొర వేసినప్పుడల్లా మధ్యనుంచి బయటికి అరచేత్తో నిమిరాలి. టాకాలు, అంటే పొరలు కదలకుండా తాత్కాలికంగా వేసే పొడుగు కుట్లు, అవి కూడా మధ్యనుంచే మొదలెట్టాలి. అంచునుంచి మొదలెడితే గుడ్డంతా నడుమకి పోగై అక్కడ ముడత పడుతుంది, దాన్ని ఇంక ఎటూ తోసెయ్యలేం. జానెడు దూరానికో వరస చొప్పున టాకాలు వేశాక బొంతని మడిచి ఎక్కడికైనా తీసుకెళ్ళొచ్చు. వీధంతా ఇందులోకి రావడానికి దారి చేసింది ఆ టాకాలే.

కాలేజీకెళ్ళే పిల్ల ఒకత్తి వచ్చి, "మిషను ఉండగా చేత్తో ఎందుకప్పా? గంటలో అయిపోద్ది కదా" అంది. అడిగింది మంచి ప్రశ్నే. మిగిలిన గుడ్డలతో అయిదు పొరలు పెట్టి మిషను మీద కుట్టి చూపించాను. కింద పళ్ళు అడుగు పొరని వెనక్కి లాక్కెళ్తుంటే, పైన పాదం పై పొరని అదిమి ఆపుతుంది. వరస చివరికి వచ్చేసరికి పై పొర బెత్తెడు ముందుకొచ్చి ముడత పడింది. పెద్ద పెద్ద కంపెనీల మిషన్లకి వేరే పాదాలుంటాయి, మా ఇంటి మిషనుకి లేదు. చేత్తో అయితే సూది నిలువుగా దిగి నిలువుగా వస్తుంది, పొరలు కదలవు. ఆ పిల్ల అక్కడే కూర్చుని సూదిలో దారం ఎక్కించింది.

దారం యాంకర్ లచ్చి కొన్నాను. ఆరు పోగుల్లో మూడు వేరు చేసి, మూరెడుకి మించకుండా తీసుకోవాలి. పొడుగు దారం త్వరగా అవుతుందనిపిస్తుంది గానీ చిక్కులు పడి రెట్టింపు సమయం తింటుంది. కొవ్వొత్తి మీద ఒకసారి లాగితే నునుపుగా జారుతుంది. ముడి పైకి కనబడకుండా పొరల మధ్యకి లాగెయ్యాలి. కుట్టు బియ్యపు గింజంత ఉంటే చాలు. మధ్యవేలికి లోహపు టోపీ తొడుక్కోవాల్సిందే, అయిదు పొరల్లోకి సూది తోస్తే వేలు పుండైపోతుంది.

రెండు వరసలు కుట్టేసరికి జనం రావడం మొదలైంది. జాకెట్టు ఇవ్వడానికి వచ్చిన ఒకావిడ బొంత మీద వంగి చూసి, "ఏటే, ఇది నాదే! మా పెద్దదాని ఓణీల ఫంక్షన్‌కి కుట్టించుకున్నాను" అని పొంగిపోయింది. "సూది ఇలాగియ్యి, దీని చుట్టూ నేనే కుడతాను" అని కూర్చుంది. మర్నాడు తోడికోడలిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆ తర్వాత మధ్యాహ్నాలు మా ముందు గదిలో చోటుండేది కాదు. తెలుగువాళ్ళూ ఒడియావాళ్ళూ బొంతకి నాలుగు వైపులా కూర్చునేవారు. ఒకరు పకోడీలు తెస్తే ఒకరు పాత చీర తెచ్చేవారు. ఒకామెవి పొడుగు కుట్లు, ఒకామెవి దగ్గర దగ్గర కుట్లు, మౌసీవి అచ్చు గుద్దినట్టు సమానం. ఎవరి కుట్టూ విప్పకూడదని మొదటి రోజే చెప్పేశాను. ఇప్పుడు బొంత మీద వేలు పెట్టి నడిపిస్తే ఇక్కడిదాకా ఫలానావాళ్ళు, ఇక్కడినుంచి ఫలానావాళ్ళు అని నాకు తెలుస్తుంది. ఇరవై ఏళ్ళుగా వాళ్ళకి జాకెట్లు కుడుతున్నాను. కొలతలు తెలుసు గానీ వాళ్ళ చేతిపని ఎప్పుడూ చూడలేదు. నాకు కలిగిన సంతోషంలో పెద్ద వాటా అదే.

ఒక చోట మాత్రం నేను గట్టిగా నిలబడ్డాను. ఒకావిడ ఫోన్‌లో కపడాగండా శాలువా ఫొటో చూపించి, ఆ త్రికోణాలు బొంత అంచుకి వెయ్యమంది. మా జిల్లాలోని చాటికోనలో బుధవారం సంతకి వెళ్ళినవాళ్ళు డోంగ్రియా కొంధు తెగ ఆడపిల్లల భుజాల మీద ఆ శాలువా చూసే ఉంటారు. తెల్లటి ముతక గుడ్డ మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాలతో గీతలు, త్రికోణాలు కుడతారు. ఆ త్రికోణాలు వాళ్ళ నియమగిరి కొండలు. తండ్రికో అన్నదమ్ముడికో మనసైనవాడికో ఇవ్వడానికి కుట్టే శాలువా అది. 2024లో దానికి జీఐ గుర్తింపు, అంటే ఫలానా చోటి సరుకని చెప్పే ప్రభుత్వ గుర్తింపు, కూడా వచ్చింది. చూసి కుట్టడం నాకు కష్టమేమీ కాదు. కానీ మౌసీ మాకు మడత నేర్పింది తన చేత్తో, తన ఇష్టంతో. కొండమీద ఆడపిల్లలు ఆ త్రికోణాన్ని నాకు ఇవ్వలేదు. "కావాలంటే వాళ్ళ దగ్గరే కొనుక్కోండి వదినా, బేరమాడకండి" అన్నాను. ఆవిడ కొంచెం నొచ్చుకుంది గానీ, తర్వాత ఆలోచించి నా మాటే నిజమంది.

కొంటామని అడిగినవాళ్ళూ ఉన్నారు. నేను జాకెట్టు కుడితే గంటకి ఎంత వస్తుందో, అలా బొంతకి పట్టిన అందరి గంటలకీ లెక్క కట్టి చెప్తే వాళ్ళు మాట్లాడలేదు. ఆ ధర న్యాయమైనదే. చేతిపనిని బజారు కంబళి ధరతో పోల్చి తగ్గించమంటే నేను ఒప్పుకోను. అయినా ఇది అమ్మడానికి కుట్టింది కాదు, ఇంతమంది కుట్లున్నదాన్ని అమ్మే హక్కు నా ఒక్కదానికి లేదు.

శ్రావణం ఆర్డర్లు వచ్చిపడుతుంటే చివరి వరసలు రాత్రిళ్ళు కుట్టాం. అంచుకి క్రాస్ పట్టీ మిషను మీద వేసి, వెనక్కి మడిచి చేత్తో కుట్టేశాం. క్రాస్ పట్టీ అయితే మూల దగ్గర చక్కగా తిరుగుతుంది. టాకాలన్నీ విప్పి, చన్నీళ్ళలో ఉతికి, డాబా మీద నీడపట్టున ఆరేశాం.

ఎవరింట్లో ఉండాలన్న మాట వచ్చినప్పుడు మౌసీయే తేల్చింది. వీధిలో ఎవరింట్లో బాలింత ఉంటే వాళ్ళింట్లో ఉండాలి. తల్లీ బిడ్డా పడుకున్నన్నాళ్ళు పడుకుని, ఉతికి మళ్ళీ ఇచ్చెయ్యాలి. ఇప్పుడు అది మూడో ఇంట్లో ఉంది. ఒక మూల కొంచెం వెలిసింది, ఒక చదరం చిరిగితే ఆ ఇంటివాళ్ళే వాళ్ళ బాబు చొక్కా ముక్క వేసి కుట్టారు.

ఈ ఆషాఢానికి రెండోది మా వదిన వాళ్ళింట్లో మొదలవుతుంది. అక్కడ గది పెద్దది, పొరలు పరవడానికి వీలుగా ఉంటుంది. ఈసారి టాకాలు వేసే పని కాలేజీ పిల్లకే అప్పజెప్పాను. ముక్కలు నేనిస్తాను. పట్టు, పాలిస్టర్ ఎవరూ తేవద్దని అందరికీ ముందే చెప్పి ఉంచాను.